మూత తీసే చనువు

మా కాలేజీలో ల్యాబ్ అసిస్టెంట్ నాగమణి పోయిన నెల స్టాఫ్ రూములోకి వచ్చి, తలుపు దగ్గరగా వేసి, "మేడమ్ గారూ, మీరు కాదనకూడదు" అంది. సెలవు కావాలేమో అనుకున్నాను. కాదట. వాళ్లమ్మాయికి దివిసీమలో సంబంధం కుదిరేట్టుంది. పెళ్లిచూపులు అయిపోయాయి. పిల్లా పిల్లాడూ అప్పుడే గంటలు గంటలు ఫోన్లు కూడానూ. ఇక ఆడపిల్లవాళ్లు వెళ్లి అబ్బాయి ఇల్లు చూసి రావాలి. నాగమణికి భర్త లేడు, అత్తవారి వైపు వాళ్లతో మాటల్లేవు.

"మా పిల్లకి పెద్దమ్మగా వచ్చి ఓ గంట కూర్చోండి మేడమ్. మీరుంటే మాకు కాస్త నిండుగా ఉంటుంది" అంది.

"సరే గానీ వరస ముందు తేల్చు. నీకు అక్కనా, మీ ఆయన వైపు తోడికోడలినా? ఆయన ఎలా నవ్వేవాడు? అక్కడ ఎత్తకూడని మాటలేమన్నా ఉన్నాయా?"

గబగబా అడిగేసి, అడిగాక నేనే ఉలిక్కిపడ్డాను. ఆ ప్రశ్నలు నావి కావు. ఇరవయ్యేడేళ్ల కిందట గుడివాడలో, మేం అద్దెకున్న ఇంటి వరండాలో నిలబడి, ఒక మనిషి మా అమ్మని అడిగినవి. అదే వరుసలో, అంతే మామూలుగా.

ఆయన పేరు ఇక్కడ రాయను. రాసినా ఎవరికీ తెలియదు. కొట్లో ఆయన పేరు "ఏవయ్యా". ఒకింట్లో బాబాయి, ఒకింట్లో మావయ్య, ఇంకో ఇంట్లో అన్నయ్య. మా ఇంట్లో పెదనాన్న. ఆ పెదనాన్నని నేనొకసారి నలుగురిలో ఎవరో ఎరగనన్నాను. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇన్నేళ్లుగా నా ప్రాణం కొట్టుకుంటూనే ఉంది. తీసుకుందామంటే ఇప్పుడా మనిషి లేడు.

గుడివాడ బజార్లో ఒక బట్టల కొట్లో ఆయన గుమస్తా. పొద్దున తొమ్మిదికి తెల్లటి పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే రాత్రి కొట్టు కట్టేదాకా అదే పని. వచ్చినవాళ్లు "అది తియ్యి, ఆ కిందిది తియ్యి, అది కాదయ్యా, దాని పక్కది" అంటూ ఉంటే తీసి పరవడం, వాళ్లు వెళ్లాక మడతపెట్టడం. చీర రెండు కొసలూ పట్టి ఒక్క దులుపు దులిపేవాడు. ఫట్‌మని చప్పుడయ్యేది. నాలుగు మడతల్లో ఆరుగజాల చీరా అరచెయ్యంత అయ్యేది. విసుగన్నది ఆ మొహంలో నేనెప్పుడూ చూడలేదు. "జనం విప్పుతారు, నేను మడుస్తాను. ఇద్దరికీ పనే కదమ్మా" అనేవాడు.

మా నాన్న స్కూలు మాస్టారు. నేను ఇంటరు చదువుతుండగా పోయారు. అమ్మకి అదే స్కూల్లో గుమస్తా ఉద్యోగం ఇచ్చారు. అప్పట్నుంచీ అమ్మ నాకు కొనే బట్టలన్నీ ముదురు రంగులే. కాఫీపొడి రంగు, నేరేడు రంగు, బూడిద రంగు. మురికి కనపడదని. ఒకసారి ఆ కొట్లో అలాంటి ఓణీయే ఏరుతుంటే ఆయన చెయ్యి ఆపి, "ఏమనుకోకపోతే ఓ మాట చెప్తానమ్మా. ఈ వయసు పిల్లకి మురికి కనపడే రంగులే కట్టాలి. మురికైతే ఉతుక్కుంటుంది, పోయేదేముంది" అన్నాడు. అమ్మకి కోపం వచ్చింది. అయినా లేత గులాబీ రంగుదే కొంది.

ఆ మాటతోనే అమ్మకి ఆయన మీద గురి కుదిరింది. నాకు మొదటి సంబంధం వచ్చినప్పుడు మాట్లాడ్డానికి ఇంట్లో మగదిక్కు లేదు. మా నాన్నకి అన్నదమ్ములు లేరు. మావయ్య రాయపూర్‌లో ఉద్యోగం, మాటిమాటికీ రాలేడు. ఆ కొట్టు గుమస్తా మంచిచెడ్డలకి పెద్దమనిషిగా వచ్చి కూర్చుంటాడని అమ్మకి ఎవరో చెప్పారు. మావాళ్లేనా కాదా అన్నది మాత్రం వాకబు చేసింది. ఈ వ్యవహారంలో కులం ఒక్కటీ నిజంది ఉండాలి, మిగతావన్నీ కుదుర్చుకోవచ్చు. మనవాళ్ల సంగతి తెలిసిందేగా.

ఆయన పెళ్లిళ్ల పేరయ్య కాదు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోడు. అన్నం పెడితే తింటాడు, అంతే. ముందు రోజు సాయంత్రం వచ్చి, వరండాలో నిలబడే, అమ్మని అడిగాడు. "నేనేం వరస అవుతానమ్మా? మాస్టారికి అన్ననా, తమ్ముడినా? మాస్టారు ఎలా నవ్వేవారు? పిల్లకి ఇష్టంలేని మాటేమన్నా ఉందా, అది ఎత్తకుండా చూస్తాను." అమ్మ తడబడుతూ చెప్పింది. మాస్టారికి అన్నగా అనుకోండి అని, నవ్వితే చప్పుడు వచ్చేది కాదని, భుజాలు మాత్రం ఊగేవని.

మర్నాడు ఆయన్ని చూసి నేను గుర్తుపట్టలేదు. గంజిపెట్టిన పంచె, తెల్ల లాల్చీ, భుజం మీద కండువా. కొట్లో వంగిపోయి ఉండే మనిషి ఇంత పొడుగా అనుకున్నాను. కుర్చీలో కూర్చున్నాడు గానీ వీపు వెనక్కి ఆనించలేదు. మొదటిసారి అడిగితే మాట్లాడలేదు, రెండోసారి మాట్లాడలేదు. అవతలివాళ్లు మాస్టారి గురించి అడిగినప్పుడు నోరు విప్పాడు.

"మా తమ్ముడు నవ్వితే చప్పుడుండదండీ. భుజాలు ఊగుతాయి. వెనకాల నుంచి చూస్తే ఏడుస్తున్నాడేమో అనిపించేది" అని ఆగాడు. కన్నీళ్లు చెంపల మీదికి జారాయి. కళ్లు తుడుచుకోడానికి కండువా కింద నుంచి చెయ్యి కూడా తియ్యలేదు. వంటింట్లో అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

నాకు ఒళ్లు మండిపోయింది. నాకు కోపం ఎక్కువ, ఇప్పటికీ అంతే, మా పిల్లల్నడగండి. మా నాన్న కోసం ఏడవడానికి ఈయనెవరు? పెళ్లివారు వెళ్లాక చెప్పులేసుకుంటున్న మనిషిని గుమ్మం దగ్గరే పట్టుకుని, "అదంతా అబద్ధం కదండీ? అబద్ధానికి కన్నీళ్లు ఎలా వచ్చాయి మీకు?" అని అడిగాను. అమ్మ "ఏవిటే ఆ మాటలు?" అని గసిరింది.

ఆయన ఒక చెప్పు వేసుకుని, రెండోది వేసుకోకుండా, కాసేపు ఆలోచించాడు. "కూర్చునేటప్పుడు అబద్ధమేనమ్మా. లేచేటప్పటికి కాదు" అన్నాడు. "నాకు తమ్ముడు లేడు. ఇవాళ పొద్దున్న ఉన్నాడు. పోయాడు కూడానూ."

రెండో చెప్పు వేసుకుని వెళ్లిపోయాడు.

జాతకాలు కుదరలేదని ఆ సంబంధం తప్పిపోయింది. మామూలుగా అయితే ఆయన పని అక్కడితో అయిపోయినట్టే. రెండు ఆదివారాలు గడిచాక పొద్దున్నే వచ్చాడు. అమ్మ వరండాలో కుర్చీ చూపించింది. చూడనట్టే నేరుగా వంటింట్లోకి వెళ్లి, పొయ్యి మీద గిన్నె మూత తీసి చూసి, "ఏంటమ్మడూ, చిక్కుడుకాయా? కాస్త అల్లం తగిలించకపోయావా?" అన్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆయన మూత మళ్లీ పెట్టి, "మూత తీసే చనువు లేని ఇంటికి నేను బేరాన్ని, చుట్టాన్ని కాను" అన్నాడు. కొట్టుకి కొనడానికి వచ్చేవాళ్లని గుమస్తాలు బేరం అంటారు.

అలా నాలుగేళ్లు వచ్చాడు. బీయెడ్ పరీక్షలకి బందరు వెళ్లాలంటే బస్టాండుకి వచ్చి కిటికీ పక్క సీటులో జేబురుమాలు వేసి పట్టేవాడు. నాకు టైఫాయిడ్ వస్తే కొట్లోంచి మధ్యాహ్నం అన్నం టైములో వచ్చి, అన్నం మానేసి, బత్తాయి రసం తీసి ఇచ్చి వెళ్లేవాడు. ఎవరన్నా "మీకేమవుతారండీ" అంటే నేనే ముందు "మా పెదనాన్న" అనేదాన్ని. ఎప్పుడు మొదలుపెట్టానో గుర్తులేదు.

ఒక సంగతి మాత్రం చాలా ఆలస్యంగా కనిపెట్టాను. పెద్దమనిషిగా వెళ్లినచోట ఆయన రెండు చేతులూ కండువా కింద దాచుకునేవాడు. ఎందుకని అడిగితే నవ్వాడు. "ఎదురుగా గుడ్డ కనపడితే ఈ చేతులు ఊరుకోవమ్మా. టేబుల్ గుడ్డయినా సరే, పక్కవాడి తువ్వాలయినా సరే, మడతపెట్టేస్తాయి. పెద్దమనిషి అన్నవాడు మడతపెడతాడా? పట్టుబడిపోనూ!" అన్నాడు. ఆ మాట అంటూనే మా దండెం మీద ఆరిన బట్టలు తీసి ఒళ్లో వేసుకుని, ఫట్‌మని దులిపి, ఒక్కొక్కటీ మడతపెడుతున్నాడు. నా పాత ఓణీలు, అమ్మ రవికెలు, మసిగుడ్డ కూడా. మా ఇంట్లో పాత బట్టలు కూడా కొత్తవాటిలా బీరువాలో కూర్చునేవి. అప్పుడు నవ్వుకున్నాను గానీ, దాని అర్థం నాకు తట్టలేదు.

పెద్దమనిషి ఎలా ఉండాలో ఆయనకి కచ్చితమైన లెక్కలుండేవి. ముందు మాట్లాడకూడదు. మూడోసారి మాట్లాడాలి. ప్లేట్లో స్వీటు మొదట ముట్టుకోకూడదు, అలాగని వదిలెయ్యనూ కూడదు, పెట్టినవాళ్లు చిన్నబుచ్చుకుంటారు. పిల్లని పొగడకూడదు, పొగిడితే అమ్ముతున్నట్టుంటుంది. ఇల్లు చూడ్డానికి వెళ్తే హాలు కాదు, వంటిల్లు చూడాలి. ఇవన్నీ ఎవరు నేర్పారని అడిగాను.

"చిన్నప్పుడు మా ఊళ్లో ఒక పెద్దాయన ఉండేవాడు. ఆయనొస్తే మా నాన్న కూర్చునేవాడు కాదు. నేను పెద్దయ్యాక ఆయన్లా కావాలనుకున్నానమ్మా" అన్నాడు. "ఆ మనిషిని కాలేకపోయాను. ఆ కూర్చోవడం మాత్రం వచ్చింది."

"మరి మీరెందుకు చేసుకోలేదు పెళ్లి?"

"నా తరఫున మాట్లాడ్డానికి మనిషి కుదర్లేదు" అని పకపకా నవ్వాడు. అమ్మ నవ్వలేదు.

ఆయన చెప్పిన కథల్లో మేం మళ్లీ మళ్లీ చెప్పించుకునేది ఒకటుంది. నాగాయలంక దగ్గర ఒక ఆడపిల్ల తండ్రి, ఆదివారం మా బాబాయిగా వచ్చి కూర్చోమని అడిగాడు. సరే అన్నాడు. అదే వారం ముదినేపల్లి వాళ్లెవరో మా అబ్బాయికి మావయ్యగా రమ్మన్నారు. పైవారమనుకుని దానికీ సరే అన్నాడు. తీరా శనివారం సాయంత్రం ముదినేపల్లి వాళ్లు కబురు పెట్టారు, రేపే, కారు కొట్టు దగ్గరికే వస్తుందని. అటు నుంచి ఎలాగో బస్సులో నాగాయలంక వెళ్లొచ్చనుకుని ఎక్కాడట. చల్లపల్లి దాటింది, మోపిదేవి దాటింది, పులిగడ్డ దాటింది. అప్పుడడిగాడట, "ఇంతకీ ఏ ఊరండీ?" అని.

"దిగీ దిగకముందే ఆడపిల్ల తండ్రి ఎదురొచ్చి, రా బాబాయ్ అన్నాడమ్మడూ! ఇటు పక్క పెళ్లికొడుకేమో, జాగ్రత్త మావయ్యా, బురదుంది అంటున్నాడు."

"అయ్యో! మరేం చేశారు?"

"ఏం చేస్తాను? ఇద్దరివైపు కుర్చీలూ వదిలేసి, గుమ్మంలో స్టూలు వేయించుకుని కూర్చున్నాను. అటూ మావాళ్లే, ఇటూ మావాళ్లే, ఇంక మీరు బేరాలాడుకుంటే నాకు తలవంపులు అన్నాను. పావుగంటలో తాంబూలాలు మార్చుకున్నారు."

చెప్పేటప్పుడు ఆయన భుజాలు ఊగేవి. చప్పుడు రాకుండా. ఆ నవ్వు ఆయనదో, మా నాన్న దగ్గర్నుంచి తెచ్చుకున్నదో నేనెప్పుడూ అడగలేదు. ఆ నవ్వు కోసమే ఆ కథ మళ్లీ మళ్లీ చెప్పించుకునేదాన్ని.

నాకు బందరు సంబంధం కుదిర్చింది ఆయనే. ఏం చేస్తుంటారని మా అత్తగారు అడిగితే, అమ్మ తొందరపడి "బట్టల వ్యాపారమండీ" అంది. ఆయన కాదనలేదు, ఔననలేదు. పెళ్లికి మావయ్యా అత్తయ్యా రాయపూర్ నుంచి వచ్చి పీటల మీద కూర్చున్నారు. పక్కన ఇల్లాలు లేని మనిషికి ఆ పీట మీద చోటు లేదు. కాళ్లు కడిగే నీళ్ల బిందె మాత్రం ఆయనే మోసుకొచ్చి వెనకాల నిలబడ్డాడు. అప్పగింతలప్పుడు అందరూ ఏడుస్తుంటే ఆయన నా పెట్టె తెరిచి, ఎవరో కుక్కేసిన చీరలన్నీ తీసి మళ్లీ మడతపెట్టాడు.

ఇక చెప్పక తప్పనిది చెప్తాను.

పెళ్లయిన రెండో ఏడు మా ఆడపడుచుకి పెళ్లి కుదిరింది. చీరలకి గుడివాడ వెళ్దామన్నారు.  బందర్లోనే బోలెడు కొట్లున్నాయి కదా అన్నాను. వినలేదు. మా అత్తగారు, ఆడపడుచు, ఆవిడకి కాబోయే అత్తగారు, నేను. నలుగురం బజారంతా తిరిగి తిరిగి చివరికి ఆ కొట్టే ఎక్కాం. ఆయన పరుపు మీద వంగి చీరలు తీస్తున్నాడు. గల్లా దగ్గర్నుంచి ఓనరు కొడుకు, ఇరవయ్యేళ్లు ఉంటాయేమో, "ఏవయ్యా, నిద్రపోతున్నావా? పార్టీ వచ్చింది చూడు!" అని అరిచాడు.

ఆయన తలెత్తాడు. నన్ను చూసి మొహం వెలిగిపోయింది. పెదవులు "అమ్మ" దాకా వచ్చాయి.

మా అత్తగారు నావైపు తిరిగి, "మీ పెదనాన్నగారు కదూ?" అన్నారు.

కాబోయే వియ్యపురాలు వింటోంది. ఓనరు కొడుకు వింటున్నాడు. "కాదండీ. పోలికగా ఉన్నాడు, అంతే" అన్నాను. ఉన్నారు అని కూడా అనలేదు. ఉన్నాడు అన్నాను.

ఆయన మొహంలో ఏదన్నా మారి ఉంటే నాకిప్పుడు కాస్త తేలిగ్గా ఉండేది. మారలేదు. నా మాటని, నేనిచ్చిన వరసలాగా, అందుకున్నాడు. "రండమ్మా, కూర్చోండి. పట్టు చూపించమంటారా, ఫ్యాన్సీ చూపించమంటారా?" అన్నాడు కొత్తవాళ్లతో మాట్లాడే గొంతుతో. రెండు గంటల సేపు చీరలు పరిచాడు. ఒక్కసారి కూడా నావైపు వేరేగా చూడలేదు. ఎవరు ఏ ఇంట్లో ఏ వరస అడిగినా నూటికి నూరుపాళ్లు నిలబెట్టుకునే మనిషి, నేనడిగిన పరాయితనం కూడా అలాగే నిలబెట్టాడు. తిరుగు బస్సులో మా అత్తగారు, "ఆ చీరలు తీసినాయన భలే ఓర్పుగల మనిషి" అని మాత్రం అని, కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు.

ఆ తర్వాత ఆయన మా అమ్మ ఇంటికి రాలేదు. అమ్మ కొట్టుకి వెళ్లి అడిగితే పనెక్కువైందమ్మా అన్నాడట. ఏం జరిగిందో అమ్మకి నేను చెప్పలేదు. ఆవిడ పోయేదాకా చెప్పలేదు.

మూడేళ్ల తర్వాత ధైర్యం చేసి ఒక్కదాన్నే వెళ్లాను. క్షమాపణ మాటలన్నీ బస్సులో వల్లె వేసుకుంటూనే ఉన్నాను. ఆయన లేచి నిలబడి, "రండమ్మా, ఏం చూపించమంటారు?" అన్నాడు. అదే గొంతు. నా వల్లె అంతా ఎగిరిపోయింది. "చీర" అన్నాను. నా చెయ్యి అలవాటుగా నేరేడు రంగు మీదికి పోయింది. ఆయన దాన్ని మెల్లిగా పక్కకి లాగేసి, నిమ్మపండు రంగు నేత చీర ఒకటి తీసి నా ముందు పెట్టాడు. "మీకు లేతవే బావుంటాయండీ. మురికైతే ఉతుక్కోవచ్చు" అన్నాడు. తల మాత్రం ఎత్తలేదు. ఆ చీర కొనుక్కుని బయటికొచ్చి బస్టాండులో కూర్చుని ఏడ్చాను. వెనక్కి పరిగెత్తి కాళ్ల మీద పడాల్సింది. బందరు బస్సు వచ్చింది, ఎక్కేశాను.

మా అత్తగారు పోయే ముందు ఏడాది ఎందుకో ఆ సంగతి ఎత్తారు. "ఆ రోజే నాకు తెలుసే. ఆ చేతుల్ని పెళ్లిలో చూశాను, నీ పెట్టె సర్దుతుంటే. నువ్వు ఔనంటే నాకేం అయ్యేది కాదు" అన్నారు.  మర్నాడే గుడివాడ పరిగెత్తాను. కొట్టు రెండంతస్తులయింది, పరుపు పోయి కౌంటర్లు వచ్చాయి. ఆయన మానేసి చాలా కాలమైందనీ, కోడూరు వైపు మేనల్లుడి దగ్గర ఉంటూ, పోయిన ఏడే కాలం చేశాడనీ, కుర్రాళ్లెవరికీ తెలియకపోతే, పాత గుమస్తా ఒకాయన చెప్పాడు.

ఇదీ నేను నాగమణికి పెద్దమ్మ వరస ఒప్పుకోవడం వెనకున్న కథ. ఆమెకివేమీ చెప్పలేదు.

పోయిన ఆదివారం నాగమణీ, వాళ్లమ్మాయీ, నేనూ బందర్లో కారు ఎక్కి దివిసీమ వెళ్లాం. నిమ్మపండు రంగు చీర కట్టుకున్నాను. అన్నేళ్లూ బీరువాలోనే ఉంది, ఆయన పెట్టిన మడతల మీద చిరుగుతుందేమో అనుకున్నాను, చిరగలేదు. పులిగడ్డ దాటేటప్పుడు నాకు స్టూలు కథ గుర్తొచ్చి నవ్వొచ్చింది. నాగమణి "ఏంటి మేడమ్?" అంది. "మేడమ్ ఏంటే, అక్కా అను" అని కసురుకున్నాను.

నాగాయలంక దగ్గర పల్లె. ఇంటిముందు వలలు ఆరేసి ఉన్నాయి, పక్కన రొయ్యల చెరువు. పెళ్లికొడుకు అమ్మవైపు తాతగారికి డెబ్బై దాటాయి, మనిషి మాత్రం గట్టిగా ఉన్నారు. మాటల్లో పడ్డాం. నేను కుర్చీకి ఆనుకోలేదు. మూడోసారి గానీ నోరు విప్పలేదు. "మా మరిది నవ్వితే వీధి చివరికి వినపడేదండీ" అన్నాను, ఎన్నడూ చూడని నాగమణి భర్త గురించి. అంటుంటే నిజంగానే కన్నీళ్లొచ్చాయి. పక్కన నాగమణి పమిట నోట్లో కుక్కుకుంది. కూర్చునేటప్పుడు అబద్ధమే. లేచేటప్పటికి ఆ మనిషి నాకు మరిదే అయ్యాడు.

తాతగారు నన్నే చూస్తున్నారు. లడ్డూని నేను రెండోసారికి అందుకోగానే, "అమ్మా, మీరు ఏమనుకోకండి. మీరు కూర్చున్న తీరు చూస్తుంటే నాకు మా బావ గుర్తొస్తున్నాడు" అన్నారు. "ఇదంతా మీకెవరు నేర్పారండీ?"

నలుగురూ వింటున్నారు. నాగమణి వింటోంది, ఆమె పిల్ల వింటోంది, ఎదురుగా కొత్త వియ్యాలవారు. ఆ రోజు కొట్లోనూ సరిగ్గా ఇంతమందే.

"మా పెదనాన్నండీ" అన్నాను. "గుడివాడలో బట్టల కొట్లో గుమస్తా. చీరలు మడతపెట్టేవారు."

ఆయన కుర్చీలోంచి సగం లేచారు. "గుడివాడా? పొడుగ్గా ఉంటాడు? రెండు చేతులూ కండువా కింద పెట్టుకుని?"

"ఔనండీ."

"ఆయన మా బావేనమ్మా! మా చెల్లి పెళ్లి మాటలకి మా మేనమామ కొడుకుగా వచ్చి కూర్చున్నాడు. అప్పటికి ముప్పై ఐదేళ్లు కూడా ఉండవు, కూర్చోవడం మాత్రం అరవై ఏళ్లవాడిలా కూర్చున్నాడు. గుమస్తానా? మేం కొట్టు ఆయనదే అనుకున్నాం! ఎలా ఉన్నాడు?"

"పోయారండీ" అన్నాను.

ఆయన మళ్లీ కుర్చీలో కూర్చున్నారు. తర్వాత వేళ్ల మీద ఏదో లెక్కేసుకున్నారు. "ఆయన నాకు బావ, నీకు పెదనాన్న. అంటే నువ్వు నాకు మేనకోడలివి కదమ్మా" అన్నారు.

 ఒక్కటే అడగాలనిపించింది. చిన్నపిల్లలు అడిగినట్టుగా ఉంటుందని తెలిసీ అడిగాను. "మావయ్యా, మీ ఇంట్లో ఆయన ఎప్పుడన్నా బట్టలు మడతపెట్టారా? దండెం మీదివి?"

తాతగారు ఆశ్చర్యపోయారు. "బట్టలా? ఆయనెందుకు మడతపెడతాడమ్మా! ఏళ్ల తరబడి పండక్కీ పబ్బానికీ వచ్చిపోయాడు, ఆ కండువా కింద నుంచి చేతులు బయటికి తీసిన పాపాన పోలేదు."

ఆ చేతులు మా ఇంటి దండెం దగ్గర ఎప్పుడూ దాక్కోలేదు. ఇక అక్కడ కూర్చోలేకపోయాను. ఇల్లు చూడ్డానికి వెళ్తే వంటిల్లు చూడాలని ఆయనే చెప్పాడు కదా. లేచి, ఎవరూ పిలవకుండానే, నేరుగా వాళ్ల వంటింట్లోకి వెళ్లాను. పెళ్లికొడుకు తల్లి గిన్నెలు సర్దుతూ కంగారుగా వెనక్కి తిరిగింది. ఆమెని దాటి పొయ్యి దగ్గరికి వెళ్లి గిన్నె మూత తీశాను. చింతచిగురు, రొయ్యలు. ఆవిరి మొహానికి కొట్టింది, కళ్లు తుడుచుకోడానికి మంచి సాకు దొరికింది.

"బానే ఉందమ్మా" అన్నాను. "కాస్త అల్లం తగిలించకపోయావా?"